లారీస్టాండు వీధి - 11: బిందెలో నీలం

వీధికి నీళ్ళు వదిలే సూరన్నకి ప్రతి ఆదివారం దీవెనమ్మ ఇంటినుంచి కోడికూర గిన్నె వెళ్తుందని తాయారు అన్నదట. అన్నదని ఇస్త్రీబండి గౌరీశ్వరి చెప్పింది. ఆ గిన్నెకి బదులుగానే సూరన్న వాల్వు గోతిలో తిప్పరానిదేదో తిప్పాడట, దాంతో ఆ ఇంటికి ధార, మిగిలిన వీధికి చుక్క అయిందట, ఆ తిప్పిన చోటే మురుగు కలిసి దేముడమ్మ కోడలు పచ్చకామెర్లతో పడిపోయిందట. ఇదంతా తాయారుకి ఎవరు చెప్పారని గౌరీశ్వరి అడగలేదు. పాలపేకెట్ల కొట్టు దగ్గర విన్నవాళ్ళూ అడగలేదు. లారీస్టాండు వీధిలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయిగాని తాయారు మాట పూటపూటా వస్తుంది, దానికి మోటారు కూడా అక్కర్లేదు.

గాలిమాటే అయినా అందులో కొంత నిజం ఉండబట్టి నిలబడింది. కూర గిన్నె నిజం. ధార నిజం. దేముడమ్మ కోడలు హిమబిందు ఏడోనెల కడుపుతో పెద్దాసుపత్రిలో పడి ఉండటం నిజం. కళ్ళు పసుపు పూసినట్టయి, మధ్యమధ్య మనిషిని పోల్చుకోలేక పోతోంది. మామూలు మనిషికైతే ఈ కామెర్లు నాలుగు రోజులు పడుకోబెట్టి పోతాయని, కడుపుతో ఉన్న మనిషిని మాత్రం నమ్మడానికి లేదని డాక్టరు చెప్పాడు. అదే నీళ్ళు తాగిన మొగుడు వెంకటేష్‌కి కాస్త జ్వరం తగిలి పోయింది. అత్తకి అదీ లేదు.

ఆ వెంకటేష్ పోర్టులో ట్రైలర్ నడుపుతాడు. పోయిన వారం వీధి మొగలో సూరన్న కాలరు పట్టుకుని వాల్వు గోతిలోకి తోసేయబోయాడు. అడ్డంపడి విడదీసింది దీవెనమ్మ మొగుడు డేవిడ్ రాజు. విడదీసి, అంతటితో ఊరుకోకుండా, రోడ్డు తవ్విస్తానని, మురుగు ఎక్కడ కలిసిందో అందరి కళ్ళముందూ చూపిస్తానని మాటిచ్చాడు. మాట నిలబెట్టుకోవడానికి నీళ్ళ ఆఫీసు మెట్లు ఎక్కి దిగాడు, సంతకాలు పెట్టించాడు, వార్డు మనిషిని బతిమాలాడు.

ఆ తవ్వకం ఇవాళ.

తవ్వకం కంటే ముందు ఆ బిందె సంగతి చెప్పాలి.

పోయినేడు వానలు మొహం చాటేశాయి. రిజర్వాయర్ల అడుగున బురద నెర్రెలిచ్చిన ఫొటోలు పేపర్లో చూసిచూసి జనానికి విసుగొచ్చింది. ఉన్న నీళ్ళు ఫేక్టరీలకి ముందా ఇళ్ళకి ముందా అని పెద్దలు చల్లటి గదుల్లో కూర్చుని తేల్చుకుంటున్నారు. వచ్చే వానల మీదా పెద్ద ఆశ పెట్టుకోవద్దని టీవీలో ఒకాయన నవ్వుతూ చెప్పాడు. గాజువాక దాటి ఆటోనగర్ వెనకున్న ఈ వీధికి మటుకు తెలిసింది ఒకటే. రోజూ వచ్చే కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది, వచ్చినా ధారలో బలం లేదు. సూరన్న వాల్వు తిప్పి, ఆ తిప్పే ఇనపకడ్డీతో గోతి మూత మీద టంగుమని కొడతాడు. ఆ చప్పుడుకి ఇంటింటా మోటార్లు ఒక్కసారే గుర్రుమంటాయి. కుళాయి పైపుకి నేరుగా మోటారు బిగించి లాగడం తప్పు. తప్పని అందరికీ తెలుసు గనకే ప్రతి మోటారు మీదా ఒక ప్లాస్టిక్ టబ్బు బోర్లించి ఉంటుంది. పైనుంచి ఎవరైనా చూడ్డానికొస్తున్నారంటే సూరన్నే ముందుగా కబురు పెడతాడు. కూర గిన్నె వెళ్ళేది అందుకు.

ఆ మోటార్లలో సగానికి పైగా డేవిడ్ రాజు చేతిమీదుగా వచ్చినవే. ఆటోనగర్‌లో అతనిది మోటార్ వైండింగ్ షెడ్డు. కాలిపోయిన మోటారు తెస్తే పాత రాగితీగ పీకి కొత్తది చుట్టి, టేపు చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఎండబెట్టి ఇస్తాడు. ఊరంతా నీళ్ళకి ఏడ్చిన ఏడాది అతని బల్ల మీద చోటు ఉండదు. వీధివాళ్ళకి మాత్రం కూలి తీసుకోడు. మంచివాడు. ఈ కథలో చెడ్డవాళ్ళని వెతుక్కునేవాళ్ళు ఇంకో వీధికి వెళ్ళాలి.

దేముడమ్మది వీధి చివర అద్దిల్లు. అక్కడిదాకా నీళ్ళు రావు. మోటారు పెట్టినా గాలే వస్తుంది. తగరపువలస అవతల ఒక ఊళ్ళో సేద్యం చేసుకున్న మనుషులు, బోరు ఎండిపోయాక భూమిని ఎవరికో కౌలుకిచ్చి కొడుకు వెంట వచ్చేశారు. వచ్చిన కొత్తలో దేముడమ్మ పొద్దుపోక దీవెనమ్మ వీధరుగు మీద కూర్చునేది. చిక్కుడుకాయలు గిల్లిపెట్టేది, ఊరి కబుర్లన్నీ చెప్పేది. దీవెనమ్మ మంచినీళ్ళ గ్లాసు తెచ్చిస్తే మాత్రం ఇప్పుడే తాగొచ్చానని పక్కన పెట్టేది. టీ ఇస్తే తనకి టీ పడదనేది. గౌరీశ్వరి బండి దగ్గర నిలబడి అదే దేముడమ్మ టీ తాగడం దీవెనమ్మ చాలాసార్లు చూసింది. ఎందుకు తాగదో అడగాల్సిన పనిలేదు. చర్చికి వెళ్ళే ఇంట్లో పుట్టి, చర్చికి వెళ్ళే ఇంట్లో పడ్డ మనిషికి అలాంటి గ్లాసులు చిన్నప్పటినుంచి అలవాటే. నొప్పి పైకి తెలీకుండా ఆ నీళ్ళు తీసుకెళ్ళి తులసిమొక్క లేని తన పెరట్లో కరివేపాకు మొదట్లో పోసేది.

ఈ వేసవిలో ఆ గ్లాసు పట్టుదల సడలిపోయింది. ఒక పొద్దున దేముడమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని గేటు దగ్గరికొచ్చి నిలబడింది. ఏమీ అడగలేదు. దీవెనమ్మ కూడా ఏమీ అనలేదు. ఆ బిందె నింపి ఇచ్చి, తన బిందె కూడా నింపుకుని, వెనకాలే నడిచి, వాళ్ళ గుమ్మంలో దించింది. దించి, మూత మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రభువా అనుకుని వచ్చేసింది. ఆ రోజు హిమబిందు నిలబడి ఉన్నపాటున గ్లాసు ముంచుకుని గటగటా తాగి, తియ్యగా ఉన్నాయత్తా అంది. దీవెనమ్మ ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని కాసేపు కళ్ళు తుడుచుకుంది. ఆ సంతోషం మొగుడికి కూడా చెప్పలేదు. చెబితే నవ్వుతాడని.

అప్పట్నుంచి నీళ్ళొచ్చిన రోజల్లా ఆ బిందె ఆ గుమ్మానికి వెళ్ళింది.

*

పొద్దున్నే తవ్వకం మొదలుపెట్టారు. నీళ్ళ ఆఫీసు ఏఈ జ్యోతిర్మయి స్కూటీ మీద వచ్చింది. వయసు చిన్నదే గాని ఈ వేసవికి బాగా ముదిరినట్టుంది, మొహమంతా ఎండ. వెంట గునపాలతో ఇద్దరు కూలీలు. సూరన్న ఇనపకడ్డీ పట్టుకుని ఒక వారగా నిలబడ్డాడు. వాల్వు దగ్గర తప్పు తేలితే అతని కాంట్రాక్టు పని ఇవాళ్టితో సరి. వీధి కూడా అదే కోరుకుంటోంది. ఆ కోరిక కళ్ళలో పెట్టుకుని జనం ప్లాస్టిక్ కుర్చీలు కూడా తెచ్చుకున్నారు.

డేవిడ్ రాజు ఏఈకి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. వాల్వు గోతిలో ఎప్పుడూ మురుగు నిలిచి ఉంటుందని, వాల్వు మెడ దగ్గర పట్టు వదిలేసి ఉంటుందని, అక్కడినుంచే లోపలికి దిగుతోందని వివరంగా చెప్పుకొచ్చాడు. చెప్పేటప్పుడు సూరన్న వైపు చూడలేదు. వాళ్ళిద్దరూ బావా అంటే బావా అనుకునే మనుషులు. కానీ ఒక పిల్ల చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఎవరో ఒకరు దొరకాలి కదా.

దీవెనమ్మ అప్పుడే ఆసుపత్రినుంచి బస్సు దిగి వచ్చింది. రాత్రి హిమబిందు దగ్గర ఆవిడే పడుకుంది. తెల్లారగట్ల ఆ పిల్లకి కాస్త తెలివొచ్చి, పెదాలు తడుపుకుని, ఆసుపత్రి నీళ్ళు మందుకంపు కొడుతున్నాయని, మీ ఇంటి నీళ్ళు తెచ్చావా అత్తా అని అడిగింది. దీవెనమ్మ సంచిలోంచి సీసా తీసి పట్టింది. కాచి చల్లార్చినవే. డాక్టరు చెప్పినప్పట్నుంచి కాచే తీసుకెళ్తోంది. ఆ పిల్ల రెండు గుక్కలు మింగి, ఆవిడ చెయ్యి వదలకుండా నిద్రపోయింది. ఆ చెయ్యి వేడి ఇంకా తన అరచేతిలో ఉన్నట్టే ఉంది దీవెనమ్మకి. గేటు దగ్గర ఆగి, నా నీళ్ళు కాకూడదు ప్రభువా అనుకుంది. వాల్వే అవ్వాలి. సూరన్నకి పెళ్ళాం పిల్లలు ఉన్నారని తెలుసు. అయినా అలాగే అనుకుంది.

ఎదురరుగు మీద దేముడమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో కోడలి బట్టల సంచి. వెంకటేష్ ఆసుపత్రికి తిరిగి వెళ్ళడానికి బైకు తాళం చేత్తో తిప్పుకుంటూ, వెళ్ళకుండా నిలబడి ఉన్నాడు. తప్పు ఎవరిదో కళ్ళతో చూసి గాని కదలడు.

వాల్వు గోతిలో మురుగు తోడించారు. మెడ దగ్గర మట్టి గీకించారు. జ్యోతిర్మయి చీర కుచ్చెళ్ళు దోపుకుని గోతి అంచున కూర్చుని, టార్చి వేసి, చేత్తో తడిమి చూసింది. తుడిచిన మెడ తుడిచినట్టే పొడిగా ఉంది. బిగువుగా ఉంది. అటూ ఇటూ బారెడు దూరం పెద్ద పైపు మీద మట్టి తీయించింది. ఎక్కడా చెమ్మ లేదు. సూరన్న కడ్డీ పట్టుకున్న చెయ్యి వదులైంది.

కుర్చీలు తెచ్చుకున్నవాళ్ళకి ఇది నచ్చలేదు. ఇంకా తవ్వమని కేకలు వేశారు. డేవిడ్ రాజు కూడా అందరితో పాటు తవ్వమనే అన్నాడు. పెద్ద పైపు బాగానే ఉంది కాబట్టి ఇక చూడాల్సింది ఇళ్ళకి వెళ్ళే కుళాయి పైపులని, అవన్నీ మురుగుకాలవ అడుగునుంచే దాటుతున్నాయని, జబ్బుపడ్డ మనిషి ఏ ఇంటి నీళ్ళు తాగిందో ఆ ఇంటినుంచి మొదలుపెడతానని జ్యోతిర్మయి చెప్పింది. ఆ ఇల్లు ఏదని ఎవరినీ అడగక్కర్లేకపోయింది. అందరి మొహాలూ ఒక్క గేటు వైపు తిరిగాయి.

డేవిడ్ రాజు వెనకాడలేదు. తనే ముందుకొచ్చి కాలవ మీది పలక లేపడానికి ఒక చెయ్యి వేశాడు. దాచుకోడానికి తన దగ్గరేముందని అతని ధీమా.

పలక లేచింది. నల్లటి నీళ్ళు మందంగా పాకుతున్నాయి. కూలీ చేత్తో బురద నెట్టి పైపు బయటపెట్టాడు. పాత ఇనప పైపూ కొత్త ప్లాస్టిక్ పైపూ కలిసిన చోట ఏదో వేలాడుతోంది. మొదట జంధ్యం పోగేమో అన్నట్టు కనబడింది, తర్వాత గుడ్డపీలిక అనిపించింది. కూలీ దాన్ని వేళ్ళతో పట్టి పైకి లాగాడు. పొరలు పొరలుగా చుట్టిన కాటన్ టేపు. మీద ఎర్రటి వార్నిష్ పెంకులు.

అది ఎవరి చేతి పనో చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆ టేపు చుట్టిన మోటారు ఉంది. మోటారు బిగించినప్పుడు సన్న పైపు చాలదని పెద్ద ప్లాస్టిక్ పైపు వేశాడు డేవిడ్ రాజు. సైజులు కలవలేదు. పైపులవాణ్ణి పిలిస్తే రేపు మాపు అంటాడని, తనకి చేతకానిదేముందని, తీగచుట్టకి చుట్టినట్టే జాయింటుకి టేపు చుట్టి, మోటారుకి పూసినట్టే వార్నిష్ పూశాడు. ఎంత శ్రద్ధగా చుట్టాడో ఆ పొరలు చూస్తే తెలుస్తోంది. ఆ టేపు సెగకి తట్టుకుంటుంది, కరెంటుకి తట్టుకుంటుంది. కాలవ బురదలో నానితే కుళ్ళిపోతుందన్నది అతని అనుభవంలో లేదు. అతని షెడ్డులో ఏదీ నానదు.

డేవిడ్ రాజు కాసేపు దాన్నే చూశాడు. తర్వాత ఏఈ వైపు తిరిగి, పని తెలిసినవాడి గొంతుతో అడిగాడు.

"జాయింటు పోయినాది, ఒప్పుకుంటాను. పోతే నీల్లు బయటికి కారతాయి మేడం. బయట నీల్లు లోనికెలా ఒస్తాయి?"

"పైపు నిండా నీళ్ళుంటే బయటికే కారతాయండీ," అంది జ్యోతిర్మయి. "పైపు ఖాళీగా ఉన్నప్పుడు మీరు లాగితే?"

జవాబు కోసం ఆవిడ ఆగలేదు. పెద్ద పైపు వాల్వు ఇంకా మూసే ఉందా అని సూరన్నని అడిగింది. ఉందన్నాడు. తెల్లబట్టలకి పెట్టే నీలం ఎవరింట్లోనైనా ఉందా అని అడిగింది.

దీవెనమ్మే లోపలికి వెళ్ళింది. ఆదివారం చర్చికి కట్టే తెల్లచీరలకి పెట్టే నీలం సీసా అటకమీద ఉంటుంది. తీసుకొచ్చి ఏఈ చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు ఆవిడ మొహంలో భయం కంటే తొందరే ఎక్కువ కనబడింది. పైపులో నీలం రాదు, ఈ ముచ్చట అయిపోతుంది, తను ఇంత అన్నం వండుకుని మళ్ళీ ఆసుపత్రికి పోవాలి.

జ్యోతిర్మయి సీసా మూత తీసి, జాయింటు దగ్గర కాలవ నీళ్ళలో మొత్తం వంపేసింది. నల్లటి నీళ్ళలో నీలం సుళ్ళు తిరిగింది.

"ఇప్పుడా టబ్బు కిందున్నది ఆన్ చెయ్యండి," అంది.

ఏ టబ్బు అని అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. డేవిడ్ రాజు గేటు లోపలికి అడుగేశాడు గాని టబ్బు దాకా వెళ్ళలేదు. వెంకటేషే వెళ్ళాడు. కాలితో టబ్బు తన్ని, స్విచ్చి నొక్కాడు. మోటారు గుర్రుమంది. దీవెనమ్మ అలవాటు కొద్దీ బిందె తెచ్చి కుళాయి కింద పెట్టింది.

ముందు గాలి వచ్చింది. బుస్సుమని ఆగి, మళ్ళీ బుస్సుమంది. తర్వాత పైపులో మిగిలిన తెల్లటి నీళ్ళు కొంచెం తుప్పర్లు తుప్పర్లుగా పడ్డాయి. దీవెనమ్మ ఊపిరి తీసుకుంది. మోటారు గొంతు మారింది, బరువెక్కింది. ఆ బరువు దేనిదో డేవిడ్ రాజు చెవికి ముందుగా తెలిసింది, అతను కళ్ళు మూసుకున్నాడు.

బిందెలోకి నీలం దిగింది. పల్చగా మొదలై, చిక్కబడి, వెంట నల్లటి నలకలు తెచ్చుకుంటూ, ధారగా. మంచి ధార. వీధిలో ఎవరింట్లోనూ అంత ధార రాదు.

"మోటారుకి నీళ్ళూ మురుగూ తేడా తెలీదండీ," అంది జ్యోతిర్మయి. మందలించినట్టు లేదు. ఈ మాట ఈ వారంలో ఇంకా కొన్ని వీధుల్లో చెప్పి ఉంటుంది. "దొరికింది లాగుతుంది. కట్టెయ్యండి."

ఎవరో కట్టేశారు. దేముడమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని బిందె వైపే చూస్తోంది. అదే బిందె. మూతి దగ్గర చిన్న సొట్ట.

వెంకటేష్ గేటు బయటికొచ్చాడు. అతను వెళ్ళాల్సిన దారిలో సూరన్న నిలబడి ఉన్నాడు. పోయిన వారం కాలరు చిరిగిన చోట సూరన్న భార్య వేసిన కుట్లు ఇంకా కొత్తగా ఉన్నాయి. వెంకటేష్ తప్పుకుపోదామని చూశాడు గాని సూరన్న తప్పుకోలేదు.

"నాది వదిలేసినావు గదా," అన్నాడు సూరన్న. "ఇప్పుడెవుల్ది అట్టుకుంటావు?"

అందులో గెలిచిన గర్వం లేదు. అతనికి తెలుసు, మోటార్లున్నాయని తెలిసి కబుర్లు పంపిన పాపం తనదేనని. ఆ కూర ఇంకా నోట్లో ఉన్నట్టే ఉమ్మేసి, గోతి మూత వెయ్యడానికి వెళ్ళిపోయాడు.

అప్పుడు డేవిడ్ రాజుకి మాట వచ్చింది. జనం వైపు తిరిగి, తన ఒక్క ఇంట్లోనే ఉందా మోటారు అని అడిగాడు. ఒక్కొక్కరి పేరే పెట్టి, మీది ఎవరు బిగించారు, మీది ఎవరు బిగించారు అని అడిగాడు. అది నేరం ఒప్పుకోవడమా, నేరం పంచడమా అతనికే తెలీదు. వెనకనున్న ఆడవాళ్ళిద్దరు కుర్చీలు తీసుకుని ఇంటికి పోయారు, తమ టబ్బులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి కాబోలు. తాయారు మాత్రం కదల్లేదు. ఇలాంటి రోజు ఆవిడకి ఏడాదికోసారి కూడా రాదు.

వీధిలో మోటార్లన్నీ సాయంత్రంలోగా తియ్యాలని, అన్ని జాయింట్లూ చూసేదాకా ఈ వీధికి నీళ్ళు వదలనని, తాగడానికి టేంకరు పంపిస్తానని జ్యోతిర్మయి చెప్పింది. ఆ టేంకరు ఎప్పటికొస్తుందో ఎవరూ అడగలేదు. ఇంకో పని మిగిలిందంది. ఈ కుళాయి నీళ్ళు తాగినవాళ్ళందరికీ రక్తపరీక్ష చేయించాలట.

"మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం గాని, వాంతులు గాని?"

లేవన్నాడు డేవిడ్ రాజు. తనూ భార్యా కూతురు అక్సా, ముగ్గురూ బాగానే ఉన్నారన్నాడు.

"మీరు తాగేదీ ఈ కుళాయి నీళ్ళేనా?"

ఇక్కడ ఒక సంగతి ఉంది. ఆ ఇంట్లో కుళాయి నీళ్ళు తాగడం మానేసి చాలా కాలమైంది. అక్సా పదో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వచ్చి పిల్ల చిక్కి సగమైపోయింది. అప్పట్నుంచి తాగడానికి, అన్నంలోకి కేను నీళ్ళు. షెడ్డు పక్క కొట్టులోంచి డేవిడ్ రాజే బండి మీద తెస్తాడు. దాచిపెట్టింది కాదు. వంటింట్లో మూల ఉంటుంది. కాకపోతే దేముడమ్మ ఏనాడూ ఆ వంటింటి గడప తొక్కలేదు.

ఈ నీళ్ళు తాగడానికి కాదమ్మా, గిన్నెలు కడగడానికీ బట్టలకీ వాడుకోండి, తాగితే కాచుకుని తాగండి. ఇంతే. ఈ ముక్క చెబితే సరిపోయేది. మొదటి రోజే దీవెనమ్మ నాలిక చివరికి వచ్చింది. అన్నాళ్ళూ గ్లాసు పక్కన పెట్టిన ఇల్లు, ఇవాళ తన బిందెలో చెయ్యి ముంచి తాగుతుంటే, మేము తాగం మీరు తాగండి అన్నట్టుంటుందని మింగేసింది. కాచుకోమంటే, మీ ఇంటి నీళ్ళు మంచివి కావా అని అడుగుతారని మింగేసింది. కేను నీళ్ళే ఓ చెంబు ఇద్దామంటే, ఆ మాత్రం దానికి పెద్ద బిందె ఎందుకు తెచ్చావని అడుగుతారు. ఏ ఒక్కటీ పెద్ద కారణం కాదు. అన్నీ కలిసి ఆవిడ నోరు కట్టేశాయి. తర్వాత అలవాటైపోయింది.

"ఇయ్యే," అన్నాడు డేవిడ్ రాజు. "మేం వేరే ఏటి తాగుతాం? అందరితో పాటే."

అతని లెక్క అతనిది. తామూ అవే నీళ్ళు తాగితే అది పొరపాటు, దేవుడు చూసుకుంటాడు. తాము తాగని నీళ్ళు పక్కింటికి పోస్తే దానికి వేరే పేరు ఉంటుంది. ఆ పేరు తన పెళ్ళానికి తగలకూడదు. అబద్ధం ఆడుతున్నప్పుడు కూడా అతను ఆవిడకి అడ్డంగానే నిలబడ్డాడు.

వెంకటేష్ తల తిప్పి దీవెనమ్మ వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో జనానికి అర్థమైంది. సూరన్న కాలరు పట్టుకోవడం వేరు. తల్లిలాంటి మనిషిని ఏం పట్టుకుంటాడు.

"అత్తా, నువ్వు రోజూ ఒచ్చి తన పక్కన కూర్చుంతన్నావు," అన్నాడు.

అప్పుడు దేముడమ్మ లేచింది. సంచి అరుగు మీద పెట్టి, చెంగు దులుపుకుని, కాలవ దాటి వచ్చి దీవెనమ్మ పక్కన నిలబడింది. ఇంతమందిలో ఆవిడ గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ఊరుకోరా," అంది కొడుకుతో. తర్వాత అందరి వైపూ తిరిగింది. "ఈ యమ్మని ఎవులూ ఏటీ అనొద్దు. ఎండలో బిందె అట్టుకొచ్చి నా గుమ్మంలో దించినాది. నా కోడలుగుంట కాడ రాత్రంతా ఇదే కూకున్నాది, నాను కాదు. బిందె ఒకటే, నీల్లు ఒకటే. ఆల్లూ అవే తాగినారు, మేవూ అవే తాగినాం. మురుగని తెలిస్తే తాగుతారేటి? ఆల్ల కడుపులో ఆల్లే పోసుకుంతారేటి?"

జనం మెత్తబడ్డారు. మాట సబబుగా ఉంది. వాళ్ళకి కావలసింది కూడా అదే, ఎవరి ఇంటికీ తగలకుండా తిరిగి ఇళ్ళకి పోయే దారి. ఒకరిద్దరు అవునని తలూపారు. జ్యోతిర్మయి పెన్ను మూత పెట్టింది. డేవిడ్ రాజు భుజాలు కాస్త దిగాయి. దేముడమ్మ దీవెనమ్మ చెయ్యి పట్టుకుంది. ఆసుపత్రిలో హిమబిందు వదలకుండా పట్టుకున్న చెయ్యే అది.

దీవెనమ్మ ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది. మొగుడు తన వైపు చూసి వద్దన్నట్టు తల కదపడం చూసింది. దేముడమ్మ కళ్ళలోకి చూసి చెప్పింది.

"మేం తాగనేదొదినా. మాకు కేనొస్తాది."